బుజ్జి అలగ మాట్లాడదు

“ఏటి మావయ్యా ఇది? బుజ్జి అలగ మాట్లాడదు.”

ఇన్నేళ్ల రాతపనిలో చాలామంది ఎడిటర్ల చేతిలో దెబ్బలు తిన్నాను. పేరాలకి పేరాలు లేపేసినవాళ్లున్నారు. హెడ్డింగులు మార్చేసినవాళ్లున్నారు. కానీ ఏడో తరగతి చదువుతున్న ఎడిటర్ ఎర్ర స్కెచ్ పెన్నుతో నా డైలాగుని అడ్డంగా కొట్టేయడం మాత్రం ఇదే మొదటిసారి.

సంగతేంటంటే, దసరా సెలవులకి శృంగవరపుకోట వెళ్లాను. అక్కావాళ్లిల్లు అక్కడే. వెళ్లేసరికి మా మేనకోడలు హాల్లో బోర్లా పడుకుని లాంగ్ నోటుబుక్కులో కామిక్ గీస్తోంది. హీరో భైరవ, పక్కన బుజ్జి. అవును, ‘కల్కి 2898 ఏడీ’లో భైరవా, బుజ్జే. ఇద్దరూ తుక్కు ఏరుకోవడానికి అరకు కొండలెక్కుతారు. దారిలో ఎస్.కోట తగులుతుంది.

“కాశీ నుంచి అరకు రావాలంటే ఎస్.కోట మీదుగా ఎందుకొస్తారే?” అన్నాను.

“మనూరు గీయాలి కాబట్టి.”

“అది నీ అవసరం. భైరవకేం అవసరం?”

పెన్సిలు చెవి మీద పెట్టుకుని రెండు నిమిషాలు ఆలోచించింది. “ముందు వైజాగ్ పోర్టుకెళ్లి ఇనుము ఏరుకుంటారు. అక్కడ సరిపోదు. పాత రైలింజను కోసం కిరండూల్ లైనట్టుకుని పైకొస్తారు. మద్దిలో మనూరు. ఇప్పుడు ఓకేనా?”

ఓకే. పోర్టులో ఇనుముంటుంది, ఆ రైలు లైను ఎస్.కోట మీంచే బొడ్డవర, బొర్రా, అరకు వెళ్తుంది, దారి పొడవునా 58 సొరంగాలున్నాయి. 2898లో ఓ సొరంగంలో ఓ ఇంజను మిగిలి ఉండటం నమ్మొచ్చు. ఊరు గీయాలన్న తన కోరికకి, భైరవకి ఓ కారణం దొరికింది. కథలో సగం పని ఇదే.

మిగతా సగం దగ్గరే నేను దొరికిపోయాను. సొరంగంలో బ్యాటరీ అయిపోతున్న సీనుకి డైలాగు రాయమంది. కాలమిస్టుని కదా, గుండె కరిగేలా రాశాను: “నువ్వు లేకుండా నేనెక్కడికీ వెళ్లను భైరవా. నువ్వే నా ప్రపంచం.” ఎర్ర పెన్ను పడింది. దాని కింద తనే రాసుకుంది:

“బ్యాటరీ నాలుగు శాతం ఉంది. నీతో వాదించి అది కూడా ఖర్చు చేయలేను. దిగి తొయ్యి.”

చదవగానే చెవిలో కీర్తి సురేష్ గొంతు వినపడిందా లేదా? నాకు వినపడింది. నా డైలాగుకి వినపడలేదు. ఈ వారం కాలమ్ అంతా ఆ తేడా గురించే.

సినిమా పక్కన పుట్టే కథలు

ఒక పెద్ద సినిమానో సిరీసో ఉంటుంది. దాని చుట్టూ కామిక్స్, నవలలు, యానిమేషన్లు, గేములు పుడతాయి. మనుషులు వాళ్లే, లోకం అదే, కథ మాత్రం కొత్తది. మనకి తాజా ఉదాహరణ ‘బుజ్జి అండ్ భైరవ’. సినిమా 2024 జూన్ 27న రిలీజైతే, ఈ రెండు ఎపిసోడ్ల యానిమేషన్ మే 31నే ప్రైమ్ వీడియోలో వచ్చేసింది. అంతకు కొద్దిరోజుల ముందు రామోజీ ఫిల్మ్ సిటీలో అసలు బుజ్జి బండినే జనం ముందుకి తెచ్చారు. అంటే చాలామంది పిల్లలకి బుజ్జి ముందు బొమ్మగా, గొంతుగా పరిచయమై, ఆ తర్వాతే వెండితెర మీద కనిపించింది.

ఇలాంటి ముందుకథ రాసేవాడి కష్టం ఏంటో ఎప్పుడైనా ఆలోచించారా? వాడి చేతులు రెండూ కట్టేసి ఉంటాయి. సినిమా మొదలయ్యేసరికి భైరవ ఎలా ఉంటాడు? కాంప్లెక్స్‌లోకి వెళ్లాలని తపించిపోతుంటాడు. అందుకు కావలసిన యూనిట్లు ఉండవు. ఇంటద్దె బాకీ. అంటే ముందుకథలో వాడు ఎన్ని సాహసాలు చేసినా, చివరికి జేబు ఖాళీగానే మిగలాలి. యూనిట్లు దొరికాయా, సినిమా లేదు. పోనీ కాంప్లెక్స్ మీద మోజు పోయిందా, అప్పుడూ సినిమా లేదు. చూసేవాడికి ఫలితం ముందే తెలిసిన మ్యాచ్‌ని ఉత్కంఠగా ఆడి చూపించాలి.

మా మేనకోడలికి ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు. కానీ తన కామిక్ చివరి పేజీలో ఇంజను దొరకదు. దొరికింది తుప్పుపట్టిన ఓ బోల్టు. “ఎందుకే పాపం?” అంటే, “దొరికితే సినిమాలో బండి వేరేలా ఉండాలి కదా మావయ్యా” అంది.

పచ్చ కుందేలు, పసుప్పచ్చ జబ్బా

ఈ పక్క కథల్లో ఎన్ని రకాలుగా పప్పులో కాలేయొచ్చో తెలియాలంటే ‘స్టార్ వార్స్’ దగ్గరికి వెళ్లాలి. మొదటి సినిమా 1977 మే నెలాఖర్లో విడుదలైంది. మార్వెల్ వాళ్ల కామిక్ అంతకు ముందే అంగళ్లలోకి వచ్చేసింది. రాసింది రాయ్ థామస్, బొమ్మలు హోవర్డ్ చేకిన్. పూర్తయిన సినిమా చూసి గీసిన కామిక్ కాదది. అందుకే సినిమాలో ఎడిటింగులో ఎగిరిపోయిన లూక్, బిగ్స్‌ల సీన్లు కామిక్‌లో భద్రంగా ఉండిపోయాయి.

ఇంకా తమాషా జబ్బా సంగతి. హాన్ సోలో బాకీపడ్డ జబ్బా అప్పట్లో విడుదలైన ఆ సినిమాలో తెర మీద కనిపించలేదు. కామిక్‌కి మాత్రం బొమ్మ కావాలి. వాళ్లే ఓ రూపం ఇచ్చారు: రెండు కాళ్ల మీద నిలబడే, మీసాలున్న పసుప్పచ్చ జీవి. 1983లో ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ వచ్చేసరికి జబ్బా ఓ పెద్ద జలగలా పాక్కుంటూ ప్రత్యక్షమయ్యాడు. అన్నాళ్లూ కామిక్ చదివిన పిల్లలు, ‘మరి మా జబ్బా ఎవరు?’ అనుకోరా?

అదే కామిక్‌లో 1978లో జాక్సన్ అనే పచ్చ కుందేలు తుపాకీ పట్టుకుని దిగింది. కొందరికి నవ్వొచ్చింది, కొందరికి ఒళ్లు మండింది. లోకం నియమాలు చూస్తే కుందేలు తప్పేం కాదు. అన్ని రకాల గ్రహాంతర జీవులున్నచోట కుందేలు ఉండకూడదా? కానీ కథకో శ్రుతి ఉంటుంది. నియమం తప్పకుండానే శ్రుతి తప్పొచ్చు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

‘స్టార్ ట్రెక్’ది ఇంకో కథ. 1967లో గోల్డ్ కీ అనే కంపెనీ దాని కామిక్స్ మొదలుపెట్టింది. బొమ్మలు గీసింది ఇటలీ ఆర్టిస్టులు. వాళ్లు ఆ సీరియల్ చూడకుండా, పంపించిన ఫొటోలు పెట్టుకుని గీశారు. ఫలితం? ఎంటర్‌ప్రైజ్ నౌక వెనక దీపావళి రాకెట్‌లా మంటలు. టీవీలో అలా ఎప్పుడూ రాలేదు. ఫొటోలో ఆకారం కనిపిస్తుంది కానీ, ఆ నౌక ఎలా కదులుతుందో ఫొటో చెప్పదు. మనుషుల విషయంలోనూ అంతే. పోస్టర్ చూసి మొహం గీయొచ్చు. మాట తీరు పట్టుకోవాలంటే కూర్చుని వినాలి.

అన్నిటికంటే జాలేసేది 1980 నుంచి 1983 వరకు ‘స్టార్ వార్స్’ కామిక్ రాసినవాళ్ల మీద. రెండో సినిమా చివర హాన్ సోలోని గడ్డకట్టించేశారు. లూక్‌కి వేడర్ ఓ భయంకరమైన నిజం చెప్పాడు. అది నిజమో అబద్ధమో తేల్చేది మూడేళ్ల తర్వాత వచ్చే సినిమా. ఈలోగా నెలనెలా కామిక్ రావాలి. హాన్‌ని విడిపించకూడదు. లూక్, వేడర్ ఎదురుపడి తేల్చుకోకూడదు. లూక్, లేయా ప్రేమలో పడాలో వద్దో కూడా తెలియదు. సీరియల్ హీరో అమెరికా వెళ్లినప్పుడు మన టీవీ వాళ్లు అత్తాకోడళ్లతో నెలలు లాగిస్తారే, అలా లాగించారు. అయినా ఆ కామిక్ 1986 దాకా 107 సంచికలు నడిచింది. ఎందుకు నడిచింది? కథ ముందుకు కదలకపోయినా, హాన్ కోసం వెతికే స్నేహితుల ఆత్రుత నిజమే కాబట్టి.

చివరికి ఈ పక్క కథలన్నీ పేరుకుపోయి, ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. 2012లో లూకస్‌ఫిల్మ్‌ని డిస్నీ కొనుక్కుంది. 2014 ఏప్రిల్‌లో ఓ ప్రకటన వచ్చింది: పాత నవలలు, కామిక్స్ అన్నీ ఇకమీదట ‘లెజెండ్స్’. అంటే ‘అసలు చరిత్ర’ కాదు. ముప్ఫయ్యేళ్లకి పైగా చదివినవాళ్లకి రాత్రికి రాత్రే, ‘మీరు చదివింది జరగలేదు’ అని చెప్పినట్టు. ఎంతమంది గుండె కలుక్కుమనుంటుంది!

మనకిది కొత్తా?

ఇక్కడో మాట చెప్పాలి. ‘కానన్’, ‘కంటిన్యుటీ’ లాంటి మాటలు మనకి రీల్స్‌లో వినపడుతున్నాయి గానీ, ఆ గొడవ మనకి తాతల నాటిది. మా విజయనగరం వైపు హరికథ అంటే ప్రాణం. ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన అజ్జాడ ఈ ప్రాంతమే. విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయనే. హరికథలో పిట్టకథ ఉంటుంది కదా. దాసుగారు రుక్మిణి కళ్యాణం చెబుతూ చెబుతూ మధ్యలో ఎక్కడికో వెళ్లిపోతారు. జనం నవ్వుతారు. మళ్లీ వదిలిన చోటికే వచ్చి, అదే శ్రుతిలో అందుకుంటారు. పిట్టకథలో కృష్ణుడు పిరికివాడైపోతే ముందు వరసలో ముసలమ్మ ఊరుకోదు. టై-ఇన్ కామిక్ అంటే అచ్చంగా పిట్టకథే. ఎంత దూరమైనా వెళ్లు, తిరిగొచ్చేసరికి అసలు కథ చెక్కుచెదరకూడదు.

ఇంకా పెద్ద ఉదాహరణ చెప్పనా? ‘మాయాబజార్’, 1957. వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్లి లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖా పరిణయం జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన పక్క కథ. అయినా తెలుగువాళ్లు ఎవరైనా, ‘ఇది కానన్ కాదు’ అని టీవీ కట్టేశారా? లేదే! ఎందుకంటే కృష్ణుడు కృష్ణుడిలాగే ఉన్నాడు: అన్నీ తెలుసు, ఏదీ చెప్పడు, నవ్వుతూ తాళ్లు లాగుతాడు. శకుని శకునిలాగే ఉన్నాడు. ఘటోత్కచుడికి పెద్దలంటే గౌరవం, కౌరవులంటే ఆటపట్టింపు. సంఘటన కొత్తదే గానీ, స్వభావాలు పాతవే.

ఇంకో గడుసుతనం గమనించారా? మూడు గంటల సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు! అందరూ వాళ్ల గురించి మాట్లాడుకుంటారు, కథంతా వాళ్ల కష్టం చుట్టూ తిరుగుతుంది, కానీ ఒక్క ఫ్రేములో ఉండరు. అసలు కథ హీరోలని ముట్టుకోకుండా వాళ్ల నీడలో కథ నడపడం పక్క కథకి ఉన్న అతి తెలివైన దారి. కె.వి.రెడ్డి దాన్ని అరవై ఏళ్లకు ముందే చేసి చూపించారు.

ఇక మన కాలానికొస్తే ‘బాహుబలి’. మొదటి సినిమా 2015, రెండోది 2017. మధ్యలోనూ, ఆ తర్వాతా కామిక్స్, యానిమేషన్, ఆనంద్ నీలకంఠన్ నవలలు వచ్చాయి. ‘ది రైజ్ ఆఫ్ శివగామి’లో చిన్నప్పటి శివగామి మాహిష్మతిని నాశనం చేస్తానని పంతం పడుతుంది. తన తండ్రిని రాజద్రోహి అని చంపించింది ఆ రాజ్యమే. సినిమాలో శివగామి మాహిష్మతి కోసం ప్రాణమైనా ఇచ్చే రాజమాత. ఇది పొంతన లేకపోవడమా? కాదు. మనిషి ఒక కొస నుంచి ఇంకో కొసకి రావచ్చు, దారి చూపిస్తే చాలు. పైగా రెండు చోట్లా ఒకటే ఉంది: అన్నమాట మీద నిలబడే మొండితనం. కోరిక మారింది, మనిషి మారలేదు.

సుమతి విషయంలో అసలు పరీక్ష ముందుంది. ‘కల్కి’ రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ ప్రకటించింది. ఇకపై సుమతి కథ ఎలా నడుపుతారో వాళ్లిష్టం. కామిక్ గీసేవాళ్లకి మాత్రం ఇదో పాఠం. మొహం అద్దెకొచ్చేది, స్వభావం సొంతది. ఎవరు వేసినా, ఎవరు గీసినా, కడుపులో బిడ్డని కాపాడుకోవడానికి పారిపోయే ఆ అమ్మాయి కళ్లల్లో భయం, ధైర్యం రెండూ అలాగే ఉండాలి.

మా ఇంటి రైటర్స్ రూమ్

సరే, ఎస్.కోట హాల్లోకి వద్దాం. మూడు రోజులు మేమిద్దరం కొట్టుకున్నాం. అక్క టిఫిన్ పెట్టి పిలిచినా లేవలేదు. ఆ గొడవల్లో నాలుగు తీర్మానాలు తేలాయి. మీలో కామిక్స్ గీసేవాళ్లు, ఫ్యాన్ కథలు రాసేవాళ్లు ఉంటే పనికొస్తాయి.

మొదటిది, లోకం. సినిమాలో కాశీయే ఆఖరి నగరం. గంగ ఎండిపోయింది. మరి మనూళ్లో మామిడి తోట ఎలా గీసింది? అడిగితే నాలిక్కరుచుకుంది. తోట చెరిపేసింది. పుణ్యగిరి దగ్గర జలపాతం చెరిపేసి బండలు గీసింది. తాటిపూడి రిజర్వాయరు బీటలు వారిపోయింది. కానీ మామిడి లేకుండా ఎస్.కోట ఏంటని బెంగ. రాత్రి పడుకోబోయే ముందు అరిచింది: “తాండ్ర!” శిథిలమైన కొట్టులో భైరవకి ఓ డబ్బా దొరుకుతుంది. భీమాలి తాండ్ర. దాన్ని చూసి బుజ్జి: “తయారీ తేదీ 800 ఏళ్ల కిందటిది. తింటే నీ బాధ్యత.” భైరవ తింటాడు. ఏమీ కాదు. ఇది సైన్సు ప్రకారం కుదురుతుందా అని నన్నడక్కండి. భీమాలి వాళ్లనడగండి.

రెండోది, శక్తి. బుజ్జికి ఓ మీట పెట్టింది, నొక్కితే గాల్లోంచి నీళ్లొస్తాయి. చూడ్డానికి భలే ఉంది. కానీ అది నిజమైతే సినిమాలో కాశీ జనం నీళ్లకి ఎందుకు ఏడవాలి? భైరవ ఆ నీళ్లమ్మి యూనిట్లు పోగేసుకుని మర్నాడే కాంప్లెక్స్ ఎక్కేయడా? పక్క కథలో ఇచ్చిన ప్రతి కొత్త శక్తీ అసలు కథకి పెట్టే కన్నం. మీట పోయింది. మొహం మాడ్చుకుంది, కానీ ఒప్పుకుంది.

మూడోది, ఎవరికి ఎప్పుడు ఏం తెలుసు. ఇక్కడే పెద్ద యుద్ధం. సొరంగంలో దాక్కున్న ఓ చిన్నపిల్లకి భైరవ తన ఆఖరి ఐదు యూనిట్లు ఇచ్చేస్తాడు. నేను కుదరదన్నాను. సినిమా మొదట్లో వాడు స్వార్థపరుడు. సుమతిని పట్టిస్తే వచ్చే డబ్బు కోసం ప్రాణాలకి తెగించి వెంటపడతాడు. అలాంటివాడు దానం చేయడమేంటి?

“ఆడు కర్ణుడు కదా!”

“అది వాడికింకా తెలీదు కదే. సినిమా చివర్లో కదా బయటపడేది?”

“ఆడికి తెలీకపోతే ఏటి? చెయ్యికి తెలుసు.”

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. నిజమే కదా. జ్ఞాపకం పోయినా స్వభావం పోదన్నదే ఆ కథ పునాది. కానీ నా అభ్యంతరమూ తప్పు కాదు. వాడు అప్పుడే మంచివాడైపోతే, సినిమాలో మారడానికి ఏం మిగలదు. చివరికి ఇద్దరం కలిసి ఒకటి కనిపెట్టాం. భైరవ ఇస్తాడు, ఇచ్చేసి తిట్టుకుంటాడు. బుజ్జి అడుగుతుంది: “దానం ఖాతాలో రాయనా, నష్టం ఖాతాలో రాయనా?” “అప్పు ఖాతాలో. వడ్డీతో.” చెయ్యి కర్ణుడిది, నోరు భైరవది. ఇద్దరమూ గెలిచాం.

లెక్కల విషయంలో మాత్రం తనే గెలిచింది. కురుక్షేత్రం తర్వాత, క్రీస్తుపూర్వం 3102 నుంచి క్రీస్తుశకం 2898 దాకా 6000 ఏళ్లు కాబట్టే సినిమాకి ఆ పేరని నాగ్ అశ్విన్ చెప్పారు. “సున్నా సంవత్సరం లేదు కదా మావయ్యా, క్రీస్తుపూర్వం 1 తర్వాత డైరెక్టుగా క్రీస్తుశకం 1 కదా. మరి 5999 అవ్వాలి!” అంది. ఇలాంటి తప్పు దొరికితే నవ్వుకుని వదిలేయొచ్చు. కథ ఏం కూలిపోదు. ఏ తప్పుకి నవ్వాలో, ఏ తప్పుకి దెబ్బలాడాలో తెలియడమే అసలు అభిమానం.

నాలుగోది, గొంతు. పచ్చ కుందేలు గుర్తుందా? నియమం తప్పకుండా శ్రుతి తప్పడం. నా డైలాగు అదే. బుజ్జికి భైరవంటే ఇష్టం లేదని కాదు, ప్రాణమే. కానీ ఆ ఇష్టాన్ని అది మాటల్లో పెట్టదు. వెటకారంలో పెడుతుంది, బ్యాటరీ లెక్కల్లో పెడుతుంది, వదిలి వెళ్లకపోవడంలో పెడుతుంది. నేను దాని నోట్లో నా మాట కుక్కాను.

అసలు సంగతి

“బుజ్జి సంగతి నీకంత బాగా ఎలా తెలుసే?” అని అడిగాను మూడో రోజు సాయంత్రం.

“అమ్మమ్మలా ఉంటది కదా” అంది, తలెత్తకుండా. రంగులేసుకుంటూ.

అమ్మమ్మంటే మా అమ్మ. పోయి రెండేళ్లయింది.

తర్వాత ఇంకో మాట అంది. “నువ్వప్పుడూ అలాగే రాసావు. ఫోన్లో చదివాను.”

గుర్తొచ్చింది. అమ్మ పోయిన నెల్లో ఇదే కాలమ్‌లో రాశాను. “ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని చల్లని తల్లి” అని. మీలో చాలామంది గుండె బొమ్మలు పెట్టారు, ఓదార్చారు. ఇప్పుడా వాక్యం మళ్లీ చదువుకుంటే సిగ్గేస్తోంది. మా అమ్మ తెలిసినవాళ్లెవరైనా ఆ వాక్యం చదివి, ‘ఈవిడెవరు?’ అనుకునుంటారు. పాలవాడి దగ్గర్నుంచి పంతులుగారిదాకా అమ్మ నోటికి అందరూ సమానమే. పెద్దకర్మ రోజున కూడా బంధువులందరూ ఆవిడ శాంతం గురించి చెబుతుంటే, అప్పటికి పదేళ్లున్న ఈ పిల్ల “అమ్మమ్మ అలగ కాదు” అనబోయింది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటని నేనే నోరు మూయించాను.

పోయినవాళ్ల గురించి మనం చెప్పుకునేవన్నీ పక్క కథలే. అసలు కథ రాయడానికి వాళ్లిక లేరు. కాబట్టి ఎవరికి తోచిన డైలాగు వాళ్లు రాసేస్తాం. ప్రేమతోనే రాస్తాం, నేనూ ప్రేమతోనే రాశాను. కానీ రాయగా రాయగా ఏమవుతుందంటే, మనిషి మాయమై పోస్టర్ మిగులుతుంది. మంటలు రాని నౌకకి మంటలు గీసేస్తాం. చల్లని తల్లులు లోకంలో లక్షమంది ఉంటారు. మా అమ్మ ఒక్కతే.

కాబట్టి ఇవాళ ఆ పాత వాక్యాన్ని నేనే ఎర్ర పెన్నుతో కొట్టేస్తున్నాను. దాని స్థానంలో జరిగింది జరిగినట్టు ఇది: హైదరాబాద్‌లో ఉద్యోగానికి మొదటిసారి బయల్దేరుతున్నాను. ఎస్.కోట బస్టాండు. అమ్మ ఏడవలేదు, తల నిమరలేదు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి, “ఆ సంచీ మర్చిపోయి మళ్లీ నా ప్రాణం తియ్యకు” అంది. అంతే, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. కొత్తవలస దాటాక సంచీ విప్పాను. నాలుగు పొట్లాలు భీమాలి తాండ్ర, మధ్యలో మడత పెట్టిన ఐదు వందల నోట్లు రెండు.

ఒక పాత్రని పాత్రలా ఉండనివ్వాలని అభిమానులు ఎందుకంత దెబ్బలాడతారో నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది. బయటివాళ్లకి అది బొమ్మల పుస్తకం గొడవ. వాళ్లకి మాత్రం బాగా తెలిసిన మనిషి నోట్లో ఎవరో వేరే మాట పెడుతున్నట్టు. వాళ్లు అతి చేస్తారు, నిజమే. 5999 దగ్గర కూడా కత్తి దూసేవాళ్లున్నారు. కానీ “తను అలా మాట్లాడదు” అనే మాటలో ఎంతో వినికిడి ఉంది. ఎన్నోసార్లు, ఎంతో శ్రద్ధగా విన్నవాళ్లే ఆ మాట అనగలరు.

నాలుగో రోజు పొద్దున్నే నా బస్సు. వెళ్లబోతుంటే నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది. చివరి పేజీలో ఒక్క బుడగ ఖాళీగా ఉంది. భైరవ సొరంగంలోంచి బయటికి నడుస్తున్నాడు, బుజ్జి పిలుస్తోంది. “ఇది నువ్వు రాయి” అంది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది.

కాసేపు ఆలోచించి రాశాను: “ఆ తాండ్ర డబ్బా మర్చిపోయి మళ్లీ నా ప్రాణం తియ్యకు.”

చదివింది. మళ్లీ చదివింది. టిక్కు పెట్టలేదు. కానీ కొట్టేయలేదు కూడా.

వచ్చే వారం కలుద్దాం.